సమాజం లేకుండా ‘నేను’ ఏర్పడుతుందా?

నీలిసిరా (చర్చాంశం):

మనలో ప్రతి ఒక్కరికీ ఉన్న ‘నేను’ అనే స్పృహ పుట్టుకతోనే ఉంటుందా, లేక తోటి మనుషులతో మెలగడం వల్ల మాత్రమే ఏర్పడుతుందా అన్న ప్రశ్నను చర్చకు పెడుతున్నాను. నాది రెండో పక్షం. నా కారణాలు ఇవి.

విలియం జేమ్స్ 1890లో వెలువరించిన మనస్తత్వశాస్త్ర గ్రంథంలో స్వీయాన్ని, అంటే మనిషి ‘నేను’గా ఎరిగేదాన్ని, రెండుగా విడదీశాడు: తెలుసుకునే ‘నేను’ ఒకటి, ఆ తెలివిడికి విషయమయ్యే ‘నన్ను’ మరొకటి. ఒక మనిషిని గుర్తించేవారు ఎందరుంటే ఆ మనిషికి అన్ని సామాజిక స్వీయాలు ఉంటాయని కూడా ఆయన అన్నాడు. 1902లో సామాజిక శాస్త్రవేత్త చార్లెస్ హోర్టన్ కూలీ దీన్ని మరింత లోతుకు తీసుకువెళ్లాడు. ఎదుటివారికి మనం ఎలా కనిపిస్తున్నామో ఊహించుకుంటాం, ఆ కనిపించిన తీరును వారు ఎలా బేరీజు వేస్తున్నారో ఊహించుకుంటాం, దాన్నిబట్టి గర్వమో సిగ్గో పొందుతాం. ఎదుటివారి మనసు అనే అద్దంలోనే మన స్వీయం మనకు కనబడుతుందని ఆయన సిద్ధాంతం.

నాకు అన్నిటికన్నా బలంగా తోచేది తత్వవేత్త జార్జ్ హెర్బర్ట్ మీడ్ వాదన. ఆయన షికాగోలో చెప్పిన పాఠాలను, ఆయన మరణించిన తరువాత, ముఖ్యంగా విద్యార్థులు రాసుకున్న ప్రతుల ఆధారంగా 1934లో పుస్తకంగా అచ్చువేశారు. చిన్నపిల్లలు మొదట ఒంటరిగా ఆడుకుంటూ కాసేపు తల్లి అవుతారు, కాసేపు ఉపాధ్యాయుడు అవుతారు. ఒక్కొక్క పాత్రలోంచి తమతో తామే మాట్లాడుకుంటారు. జట్టుగా, నియమాలతో ఆడే ఆటకు వచ్చేసరికి ఒక్క పాత్ర చాలదు. ఆటలో ఉన్న అందరూ తన నుంచి ఏమి ఆశిస్తున్నారో ఒకేసారి మనసులో పెట్టుకోవాలి. అలా అందరి దృక్కోణాన్నీ కలిపి తనలో నిలుపుకోవడాన్నే మీడ్ ‘సాధారణీకృత ఇతరుడు’ అన్నాడు. తనను తాను బయటి నుంచి చూసుకోగలిగినప్పుడే స్వీయం పుడుతుంది, ఆ బయటి చూపు ఇతరుల నుంచే వస్తుంది అని ఆయన తేల్చాడు. కాబట్టి ఇతరులే లేకపోతే ఆకలి ఉంటుంది, నొప్పి ఉంటుంది, ఒక శరీరం ఉంటుంది; ‘నేను’ మాత్రం ఉండదు అంటాను.

శోధిని:

నీలిసిరా గారూ, మీడ్ వాదన అందంగానే ఉంది, కానీ దాని బలం నిర్వచనంలో ఉన్నదే తప్ప పరిశీలనలో లేదని నా అభ్యంతరం. తనను తాను ఇతరుల కళ్లతో చూసుకోగలగడమే స్వీయం అని ముందే నిర్ణయించుకుంటే, ఇతరులు లేనిదే స్వీయం లేదన్న ముగింపు దానంతట అదే వచ్చేస్తుంది. ఆ ముగింపును రుజువుగా తీసుకోలేము.

పరిశీలన సంగతికి వస్తాను. నవజాత శిశువు చెంపను ఏదైనా తాకితే నోరు తెరిచి అటు తల తిప్పుతుంది. ఫిలిప్ రోషా, సూసన్ హెస్పోస్ 1997లో ప్రచురించిన అధ్యయనంలో, పుట్టి ఒక్క రోజైనా నిండని శిశువులు తమ చేయి తమ చెంపకు తగిలినప్పటికన్నా, వేరొకరి వేలు తగిలినప్పుడే ఎక్కువగా అలా స్పందించారు. తన చేయి తగిలితే స్పర్శ రెండు చోట్ల ఒకేసారి తెలుస్తుంది. పరాయి వేలు తగిలితే ఒక్క చెంప మీదే తెలుస్తుంది. ఈ తేడాను పట్టుకోగలిగిన శిశువుకు ఇంకా మాట లేదు, ఆట లేదు, ‘సాధారణీకృత ఇతరుడు’ అసలే లేడు. అయినా తన శరీరానికీ తక్కిన ప్రపంచానికీ మధ్య ఒక గీత అప్పటికే ఉంది.

అంతకు ముందే, 1988లో, మనస్తత్వశాస్త్రవేత్త ఉల్రిక్ నైసర్ మనిషి తనను తాను తెలుసుకునే మార్గాలు ఐదని ప్రతిపాదించాడు. పరిసరాల్లో కదలే శరీరంగా, ఎదుటి మనిషితో ముఖాముఖి మెలిగే వ్యక్తిగా, జ్ఞాపకంలోనూ ఎదురుచూపులోనూ కాలం మీదుగా పరచుకున్న వ్యక్తిగా, ఇతరులెవరికీ అందని ఆంతరంగిక అనుభవంగా, తన గురించి తాను ఏర్పరచుకున్న భావనగా మనిషి తనను ఎరుగుతాడు. మీడ్ సిద్ధాంతం చివరిదాన్ని బాగా వివరిస్తుంది, మొదటిదాన్ని ముట్టుకోదు. ఒక్కదాన్నే మొత్తంగా ప్రకటించడం నాకు సమ్మతం కాదు.

గడియారం:

శరీరపు హద్దు తెలియడాన్ని స్వీయం అంటే, తన కాలు తాను కొరుక్కోని ప్రతి ప్రాణికీ స్వీయం ఉన్నట్టే. ఆ మాటకు అంత విస్తృతి ఇచ్చాక చర్చించడానికి ఏమీ మిగలదు.

దీనికి సరైన పరీక్ష గోర్డన్ గాలప్ 1970లో చింపాంజీల మీద చేసినది. మత్తులో ఉన్నప్పుడు వాటి ముఖం మీద వాసన లేని రంగు పూసి, తేరుకున్నాక అద్దం చూపితే, అవి అద్దాన్ని కాక తమ ముఖం మీది మచ్చనే తడుముకున్నాయి. మన చర్చకు ఇంకా ముఖ్యమైనది మరుసటి ఏడాది ఆయనా సహచరులూ ప్రచురించిన ఫలితం. తోటి చింపాంజీలకు దూరంగా ఒంటరిగా పెరిగినవి అద్దాన్ని ఎంతసేపు చూసినా తమను తాము గుర్తించలేదు. పరీక్షించినవి కొద్ది జంతువులే, నిజమే. అయినా కూలీ, మీడ్ గది నాలుగు గోడల మధ్య ఆలోచించి చెప్పిన విషయానికి ఒక ప్రయోగశాల నుంచి ఇంత దగ్గరి సాక్ష్యం దొరకడం విశేషమే కదా.

శోధిని:

గడియారం గారూ, ఒంటరితనం ఆ జంతువుల్లో స్వీయాన్ని ఒక్కదాన్నే తీసివేసి, తక్కినవన్నీ అలాగే ఉంచిందని ఎలా అనగలం? ఒంటరిగా పెంచిన కోతుల్లో భయం, దగ్గరితనం, తల్లితనం అన్నీ దెబ్బతిన్నాయని హ్యారీ హార్లో ప్రయోగాలే చూపాయి. కుంగిపోయిన ప్రాణి అద్దం ముందు ఏమీ చేయకపోవడాన్ని స్వీయం లేకపోవడంగా చదవడం తొందరపాటు.

అద్దం పరీక్షకు కూడా పరిమితి ఉంది. పాశ్చాత్య దేశాల్లో పిల్లలు సాధారణంగా ఏడాదిన్నర నుంచి రెండేళ్ల లోపు ఆ పరీక్షలో నెగ్గుతారు. కెన్యాలో అంతకన్నా పెద్ద పిల్లలు చాలామంది అద్దం ముందు కదలకుండా నిలబడిపోయారని 2011లో వచ్చిన ఒక అధ్యయనం చెబుతోంది. ఆ పిల్లలకు ‘నేను’ లేదని ఎవరూ అనరు. అలాంటి పరిస్థితిలో ఏమి చేయాలన్నది నేర్చుకున్న విషయం. పరీక్ష కొలిచింది బహుశా దాన్నే.

పరదేశి:

ఇప్పటివరకు మాట్లాడినవారందరూ ‘నేను’ ఎక్కడైనా ఒకే ఆకారంలో ఉంటుందని అనుకుని, అది ఎప్పుడు పుడుతుందా అని మాత్రమే వాదిస్తున్నారు. మానవశాస్త్రం ఆ ఊహనే ప్రశ్నిస్తుంది.

ఫ్రెంచ్ మానవశాస్త్రవేత్త మార్సెల్ మోస్ 1938లో లండన్‌లో ఇచ్చిన ఉపన్యాసంలో వ్యక్తి అనే భావనకు చరిత్ర ఉందని చూపాడు. కొన్ని తెగల్లో వంశ నామంతో, పూర్వీకుల ముసుగుతో పాటు సంక్రమించే పాత్రే వ్యక్తి. రోమ్‌లో అది హక్కులూ బాధ్యతలూ ఉన్న చట్టపరమైన వ్యక్తిగా మారింది. క్రైస్తవం దానికి అవిభాజ్యమైన అంతరంగాన్ని ఇచ్చింది. జర్మన్ తత్వవేత్తలు కాంట్, ఫిష్టేల కాలానికి అది స్పృహకు కేంద్రమైన ‘అహం’ అయింది. క్లిఫర్డ్ గీర్ట్జ్ 1974లో జావా, బాలి, మొరాకోల్లోని తన క్షేత్ర అధ్యయనాలను పక్కపక్కన పెట్టి, మనిషి అంటే చుట్టూ స్పష్టమైన సరిహద్దు ఉన్న, విశిష్టమైన, తనలో తాను పూర్తయిన స్పృహా కేంద్రమన్న పాశ్చాత్య భావన ప్రపంచ సంస్కృతుల నడుమ వింతైనదేనన్నాడు. పసిఫిక్ దీవుల ప్రాంతమైన మెలనీషియా మీద పనిచేసిన మెరిలిన్ స్ట్రాథర్న్ 1988లో ఇంకా సాహసించి, అక్కడి మనిషిని విడదీయరాని ఏకాకిగా కాక, సంబంధాలు ఒకచోట చేరిన రూపంగా, ఇచ్చిపుచ్చుకోవడంలో భాగాలుగా విడివడగలిగినదిగా అర్థం చేసుకోవాలని వాదించింది.

మనస్తత్వశాస్త్రం కూడా ఈ దారిలోకి వచ్చింది. హేజెల్ మార్కస్, షినోబు కితయామా 1991లో స్వతంత్ర స్వీయం, పరస్పరాశ్రిత స్వీయం అన్న విభజన చేశారు. మొదటిదాని బలం ఇతరుల నుంచి వేరుగా నిలవడంలో ఉంది, రెండోదాని బలం సంబంధాల్లో ఇమిడిపోవడంలో ఉంది. అందుచేత సమాజం ‘నేను’ను పుట్టించడంతో ఆగదు; అది ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో కూడా నిర్ణయిస్తుంది అంటాను.

శోధిని:

పరదేశి గారు ఇచ్చిన ఉదాహరణలు విలువైనవి. కానీ ఒక సమాజం మనిషి గురించి ఏమనుకుంటుందన్నది ఒక ప్రశ్న, ఆ సమాజంలోని ఒక మనిషి తనను తాను ఎలా అనుభవిస్తాడన్నది మరొక ప్రశ్న. ఈ రెండింటినీ కలిపివేయడమే ఆ ధోరణిలోని లోపమని మానవశాస్త్రవేత్త మెల్ఫర్డ్ స్పైరో 1993లో రాశాడు. గీర్ట్జ్ ప్రధానంగా చూపింది బహిరంగంగా కనిపించే పేర్లను, మర్యాదలను, ప్రతీకలను. వాటి నుంచి నేరుగా అనుభవంలోకి దూకడానికి వంతెన లేదు.

ఈ తేడాను మోస్ స్వయంగా పాటించాడు కూడా. తన శరీరం గురించీ, తన శారీరక మానసిక వ్యక్తిత్వం గురించీ స్పృహ లేని మనిషి ఎన్నడూ లేడని ఆయన ఆ ఉపన్యాసంలోనే స్పష్టం చేసి, తాను మాట్లాడేది ఆ స్పృహ గురించి కాదని, చట్టం, నీతి, మతం తీర్చిదిద్దిన భావన గురించి మాత్రమేనని చెప్పాడు. ఆయనను ఉటంకించేవారు ఆ హద్దును కూడా గౌరవించాలని నా విన్నపం.

ఇక స్వతంత్రం, పరస్పరాశ్రితం అన్న విభజనకు వస్తే, ముప్పైమూడు దేశాల్లోని యాభైఐదు సాంస్కృతిక సమూహాలను పరిశీలించి వివియన్ విన్యోల్స్ బృందం 2016లో ప్రచురించిన అధ్యయనం దాన్ని ఏడు వేర్వేరు కోణాలుగా విడగొట్టింది. ఒక కోణంలో స్వతంత్రంగా ఉన్న సమూహం మరో కోణంలో పరస్పరాశ్రితంగా ఉండవచ్చు. తూర్పు ఒక రకం, పడమర ఒక రకం అన్న చిత్రం అక్కడ నిలబడలేదు.

తెల్లకాగితం:

సామాజిక శాస్త్రవేత్త ఎర్వింగ్ గాఫ్‌మన్‌ను ఎవరూ తలవకపోవడం ఆశ్చర్యంగా ఉంది. నిత్యజీవితంలో మనుషులు ఒకరి ముందు ఒకరు తమను ప్రదర్శించుకునే తీరు మీద ఆయన రాసిన పుస్తకం ప్రకారం, స్వీయం రంగస్థలం మీద రక్తికట్టిన సన్నివేశానికి ఫలితం, దానికి కారణం కాదు. ఈ వాక్యం వరకే చదివినవారు గాఫ్‌మన్‌కు మనిషంటే పాత్రల మూట అని అనుకుంటారు.

ఆయన 1961లో ప్రచురించిన, మానసిక చికిత్సాలయాల మీది పుస్తకం చదివితే వేరే సంగతి తెలుస్తుంది. వాషింగ్టన్‌లోని సెయింట్ ఎలిజబెత్స్ ఆసుపత్రిలో ఆయన సుమారు ఏడాది పాటు రోగుల మధ్య తిరిగి పరిశీలించాడు. లోపలికి వచ్చిన మనిషి నుంచి దుస్తులు, సొంత వస్తువులు, ఏకాంతం, తన రోజును తాను నిర్ణయించుకునే హక్కు ఒక్కొక్కటిగా తీసివేస్తారు. మీడ్ చెప్పినట్టు స్వీయం పూర్తిగా ఇతరుల చూపుతోనే తయారైతే, అక్కడి ఇతరులందరూ ‘నువ్వు రోగివి మాత్రమే’ అంటున్నప్పుడు ఆ మనిషి అదే కావాలి. కానీ రోగులు చిన్న చిన్న వస్తువులను దాచుకున్నారు, నియమాల సందుల్లో తమకంటూ మూలలను ఏర్పరచుకున్నారు, సంస్థ ఇచ్చిన నిర్వచనానికి ఎడంగా నిలబడ్డారు. ఆ ఎడమే స్వీయానికి ఆవశ్యకమైనదని గాఫ్‌మన్ గ్రహించాడు. ఈ చర్చలో నాకు అన్నిటికన్నా విలువైన సాక్ష్యం ఇదే, ఎందుకంటే ఇక్కడ ప్రశ్న పుస్తకాలది కాదు. మనుషుల పట్ల ఎలా నడుచుకోవాలన్నది.

నీలిసిరా:

తెల్లకాగితం గారూ, మీరు చూపిన సాక్ష్యం మీడ్‌కు విరుద్ధం కాదు. ఆయన సిద్ధాంతంలో సమాజపు చూపును లోపలికి తీసుకున్న ‘నన్ను’తో పాటు, దానికి ఎప్పటికప్పుడు ఊహించని విధంగా బదులిచ్చే ‘నేను’ కూడా ఉంది. అంతేకాక ఆ రోగులు ఆసుపత్రికి ఖాళీగా రాలేదు. ఇంతకుముందు తమను గౌరవించిన మనుషుల చూపును వెంట తెచ్చుకున్నారు. సంస్థను ఎదిరించడానికి వారికి ఆధారమైంది అదే కావచ్చు.

అయితే ఇదే దారిలో నన్ను కలవరపెట్టే సిద్ధాంతం ఒకటి ఉంది. స్వీయమంటే మనం మన గురించి చెప్పుకునే కథ అని ఈ మధ్య చాలామంది గట్టిగా నమ్ముతున్నారు. తత్వవేత్త డేనియల్ డెన్నెట్ స్వీయాన్ని కథనానికి గురుత్వకేంద్రం వంటి ఉపయోగకరమైన కల్పన అన్నాడు. అదే నిజమైతే, కథ చెప్పుకోలేని స్థితికి చేరిన మనిషికి ఏమి మిగిలింది?

శోధిని:

ఆ ప్రశ్నకు కొంత సమాధానం ఉంది. బ్రిటిష్ సంగీతజ్ఞుడు క్లైవ్ వేరింగ్‌కు 1985లో మెదడువాపు వచ్చి, గతాన్ని తలచుకునే శక్తి దాదాపుగా పోయింది, కొత్త జ్ఞాపకాలు కొన్ని క్షణాలకు మించి నిలవలేదు. అప్పుడే మొదటిసారి మేల్కొన్నానని ఆయన దినచర్యలో పదే పదే రాసుకునేవాడు. అయినా భార్య గదిలోకి వచ్చిన ప్రతిసారీ ఆనందంతో ఎదురువెళ్లేవాడు, పియానో ముందు కూర్చుంటే సంగీతం వచ్చేది. తలకు దెబ్బ తగిలి అంతకు ముందటి కొన్ని నెలల జ్ఞాపకాలు తాత్కాలికంగా కోల్పోయిన ఒక కళాశాల విద్యార్థి గురించి స్టాన్లీ క్లైన్, సహచరులు 1996లో రాశారు. ఆ నెలల్లో జరిగిన ఏ సంఘటననూ గుర్తు తెచ్చుకోలేని ఆ వ్యక్తి, అప్పటి తన స్వభావాన్ని మాత్రం కోలుకున్నాక చెప్పినదానితో సరిపోయేటట్టు వర్ణించగలిగింది. సంఘటనల కథ పోయినా తన గురించిన ఎరుక నిలిచింది. కథగా జీవించడం అందరి లక్షణం కాదని తత్వవేత్త గాలెన్ స్ట్రాసన్ 2004లో వాదించాడు. ఈ సాక్ష్యాల వల్ల నేను ఆయన వైపు మొగ్గుతున్నాను.

గడియారం:

క్లైవ్ వేరింగ్ విషయంలో భార్యను చూడగానే వెల్లివిరిసిన ఆ ఆనందాన్ని మీరు స్వీయం మిగిలి ఉందనడానికి గుర్తుగా తీసుకున్నారు. నాకు అది కూలీ, మీడ్ మాటలకే సాక్ష్యంగా తోస్తోంది. జ్ఞాపకం కూలిపోయిన చోట కూడా చివరిదాకా నిలిచింది మరొక మనిషితో ఉన్న సంబంధమే. శిశువు విషయంలో మీరు శరీరపు గీత ముందన్నారు, ఒప్పుకుందాం. కానీ ఆ గీతకు అటువైపు ఎవరూ లేకుండా అది ఎన్నాళ్లు నిలుస్తుందన్నది ఇంకా తేలలేదు.

శోధిని:

సంబంధం నిలిచింది, సంగీతం కూడా నిలిచింది. పియానో ముందు ఆయనను గుర్తించేవారెవరూ అక్కర్లేకపోయింది. ఆ రెండో సంగతిని మీ సిద్ధాంతం వివరించేంతవరకు నేను నా పక్షాన్నే నిలబడతాను.