తనంతట తానే శుభ్రమయ్యే లిట్టర్ బాక్స్ కొన్నాక మామూలు పెట్టెను తీసేయవచ్చా?

కొండాపూర్, రెండు పిల్లులు

చర్చకు పెడుతున్న ప్రశ్న శీర్షికలోనే ఉంది. లిట్టర్ బాక్స్ అంటే పిల్లులు మలమూత్రాలకు వాడుకునే మట్టి పెట్టె. తీసేయకూడదన్నది నా అభిప్రాయం. నేను తీసేశాను, ఆ తప్పు ఫలితాన్ని మా పిల్లి అనుభవించింది.

మేము ఉండేది ఐదో అంతస్తులో రెండు పడకగదుల ఫ్లాట్. బెల్లం ఆరేళ్ళ మగ పిల్లి, మిరియం నాలుగేళ్ళ ఆడ పిల్లి. రెండింటికీ పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయింది, రెండూ గడప దాటవు. లిట్టర్ పెట్టెలకు మా ఇంట్లో ఉన్న చోటల్లా వంటింటి వెనక వాషింగ్ మెషీన్ పెట్టుకునే బాల్కనీ ఒక్కటే. పోయిన వేసవిలో పొద్దున శుభ్రం చేసి ఆఫీసుకు వెళ్ళి, సాయంత్రం వచ్చి ఆ తలుపు తీస్తే అమోనియా ఘాటుకు కళ్ళు మండేవి. మూత్రంలోని యూరియాను బాక్టీరియా విడగొట్టడం వల్ల పుట్టే ఘాటు అది, వేడి పెరిగినకొద్దీ త్వరగా పుడుతుంది. అందుకే ఈ ఏడాది ఎండలు ముదరక ముందే 32,000 రూపాయలు పెట్టి డ్రమ్ము తిరిగే యంత్రాన్ని కొన్నాము. పిల్లి బయటికి వచ్చిన కొన్ని నిమిషాలకు డ్రమ్ము నెమ్మదిగా తిరుగుతుంది, మూత్రం పడినచోట మట్టి కట్టిన గడ్డలు లోపలి జల్లెడలో చిక్కి అడుగున సంచి పరిచిన సొరుగులో పడతాయి, మిగిలిన మట్టి తిరిగి తన చోటికి వస్తుంది.

అలవాటు చేయడంలో మేము తొందరపడలేదు. మొదటి వారం ప్లగ్గు పెట్టకుండా, పాత పెట్టెల పక్కనే ఉంచి, పాత మట్టి రెండు గుప్పిళ్ళు అందులో కలిపాము. మిరియం మూడో రోజే వెళ్ళింది, బెల్లానికి తొమ్మిది రోజులు పట్టింది. ఆ తరువాత వాసన నిజంగానే పోయింది, ఇంటికి వచ్చినవాళ్ళు పిల్లులు ఉన్నాయా అని అడిగేంతగా పోయింది. మూడో వారంలో పాత పెట్టెలు రెండూ కడిగి అటక మీద పెట్టేశాను.

ఆరో వారంలో బెల్లం మంచం కిందికి చేరి బయటికి రావడం మానేసింది. ఎండ దెబ్బ అనుకున్నాను. సొరుగు తెరిచి చూస్తే నాలుగు రోజుల గడ్డలన్నీ ఒకదాని మీద ఒకటి పడి చితికిపోయి ఉన్నాయి, ఏది ఎవరిదో, ఏది ఎప్పటిదో చెప్పడం నా వల్ల కాలేదు. అప్పుడు ఫోనులో యంత్రం తాలూకు యాప్ చూస్తే, బెల్లం అంతకుముందు రోజు ఒక్కరోజులోనే 14 సార్లు లోపలికి వెళ్ళి వచ్చినట్టు ఉంది. ఊరికే మోగుతున్నాయని ఆ యాప్ హెచ్చరికలను నేనే ఆపేసి ఉన్నాను. ఆసుపత్రిలో చూసి మూత్రనాళం మూసుకుపోయిందని చెప్పి గొట్టం వేశారు. మూడు రోజులు అక్కడే ఉంచారు. పాత పెట్టె ఉండి ఉంటే, గడ్డలు తీసే గరిటె, అదే స్కూప్, చేతిలో పట్టుకున్న మొదటి పూటే మట్టిలో గడ్డ లేదని నాకు తెలిసి ఉండేది. ఆరేళ్ళు రోజూ చేసిన పని అది. అందులో శుభ్రతతో పాటు పిల్లి ఆరోగ్యం చూసుకోవడం కూడా కలిసి ఉందని, ఆ పని మానేశాక గానీ నాకు తెలియలేదు.

నల్లగండ్ల, రాత్రి షిఫ్టు

బెల్లం ఇప్పుడు కోలుకుందని ఆశిస్తున్నాను. అయినా మీ అభిప్రాయంతో నేను ఏకీభవించలేను, కారణం వివరంగా చెప్పాలి.

మీరు యంత్రాన్ని రోజుకు రెండు పూటలా స్కూప్ పట్టే మనిషితో పోలుస్తున్నారు. అలాంటి మనుషులు ఎంతమంది ఉన్నారు? మా ఇంట్లో ఇద్దరం రాత్రి షిఫ్టులే. యంత్రం కొనక ముందు మేము రెండు రోజులకు ఒకసారి శుభ్రం చేసేవాళ్ళం, ఒక్కోసారి మూడో రోజు కూడా వచ్చేది. మురికి పెట్టెలోకి వెళ్ళడం ఇష్టంలేక మా పిల్లి రెండుసార్లు పరుపు మీద పోసింది. దాన్ని పొగరనుకుని కోప్పడ్డాము, ఇప్పుడు తలచుకుంటే బాధగా ఉంటుంది. యంత్రం వచ్చాక పరుపు మీద ఒక్కసారి కూడా పోయలేదు. మాలాంటి ఇంట్లో పిల్లికి అంతకుముందు ఉన్నది శ్రద్ధగల కళ్ళు కాదు, రెండు రోజుల మురికి.

ఇంకో విషయం. మా యంత్రం పిల్లి లోపలికి వెళ్ళిన ప్రతిసారీ బరువు రాసుకుంటుంది. జనవరిలో 4.6 కిలోలున్న పిల్లి మార్చి నాటికి 4.1కి వచ్చిందని ఆ గీత చూశాకే మాకు తెలిసింది. రోజూ ఎత్తుకునే చేతులకు అర కిలో తేడా తెలియలేదు. పరీక్ష చేయిస్తే మధుమేహం. ఇప్పుడు రోజుకు రెండు పూటలా ఇన్సులిన్ ఇస్తున్నాము. మీ యంత్రం కూడా 14 సార్లు అని చెప్పింది కదా. చెప్పిన మాట వినే ఏర్పాటు చేసుకోవాలి గానీ, చెప్పినదాన్ని తప్పుపట్టడం న్యాయం కాదు.

మలక్‌పేట, దాణా దుకాణం

అమ్మా, ఇరవై ఏళ్ళుగా పెంపుడు జంతువుల దాణా, మట్టి అమ్ముతున్నవాడిగా నాకు తెలిసినంత చెబుతాను. మీరిద్దరూ యంత్రం గురించే మాట్లాడుతున్నారు. నిజానికి అందులో పోసే మట్టి సరిగ్గా లేకపోతే ఏ యంత్రమూ పనిచేయదు.

పూర్వం ఇళ్ళలో ఇసుకో, బూడిదో పెట్టేవారు. అమెరికాలో 1947లో ఎడ్వర్డ్ లో అనే ఆయన తేమను పీల్చే బంకమట్టి పలుకులను పిల్లుల కోసం అమ్మడం మొదలుపెట్టాడు. అది తడిని పీల్చేదే తప్ప గడ్డ కట్టేది కాదు. 1980లలో తడి తగిలితే ఉబ్బే బెంటొనైట్ అనే బంకమట్టి వాడకంలోకి వచ్చాక మూత్రం పడినచోట గట్టి ఉండ కట్టి, ఆ ఉండ మాత్రమే తీసేసే వీలు కలిగింది. మన దేశంలో ఆ బెంటొనైట్ గుజరాత్‌లోని కచ్ఛ్‌లో, రాజస్థాన్‌లోని బాడ్మేర్‌లో దొరుకుతుంది. జల్లెడ పట్టి వేరు చేసే యంత్రాలన్నీ ఆ ఉండ గుణం మీదే ఆధారపడి ఉన్నాయి. ఉండ మెత్తగా ఉంటే డ్రమ్ము తిరిగేటప్పుడు చిట్లుతుంది, చిట్లిన ముక్కలు జల్లెడలోంచి జారి మళ్ళీ మంచి మట్టిలోనే కలుస్తాయి, పది రోజులకు మట్టంతా కంపు పట్టి, యంత్రం పాడైందని నా దుకాణానికి వస్తారు. వానాకాలంలో మట్టి సంచి మూతి తెరిచి వదిలేస్తే గాలిలోని తేమకే దాని గుణం తగ్గుతుంది. జూలై నుంచి సెప్టెంబరు దాకా దాన్ని మూత బిగువుగా ఉన్న డబ్బాలో పోసుకోమని అందరికీ చెబుతాను. సోయా పిప్పితో చేసిన టోఫు లిట్టర్ తేలికగా ఉంటుంది, దుమ్ము తక్కువ, కానీ అన్ని రకాలూ ఒకేలా గడ్డ కట్టవు కాబట్టి ముందు చిన్న సంచి కొని చూసుకోవాలి. దయచేసి బెంటొనైట్‌ను మాత్రం లెట్రిన్‌లో పోయకండి, నీటిలో ఉబ్బి అపార్ట్‌మెంటు పైపులన్నీ మూసేస్తుంది. కట్టి చెత్త బండికే ఇవ్వాలి.

ఇక మీరు అడిగిన ప్రశ్నకు వస్తాను. మామూలు పెట్టె ఉండాలనే నేనూ అంటాను, అయితే నా కారణం కరెంటు. మా అమ్మాయి మియాపూర్‌లో ఉంటుంది. మే నెలలో ఒక సాయంత్రం గాలివానకు కరెంటు పోయినప్పుడు డ్రమ్ము సగం తిరిగి, నోరు పైకి పెట్టుకుని ఆగిపోయింది. ఇంట్లో ఎవరూ లేరు. నాలుగు గంటలపాటు పిల్లికి వెళ్ళడానికి చోటు లేక స్నానాల గది గుమ్మంలో పోసింది. ఆ యంత్రాన్ని ఇన్వర్టర్ లైనులోకి మార్చాక ఆ ఇబ్బంది తీరింది, కానీ ఆ రోజు ఒక ప్లాస్టిక్ టబ్బులో ఇంత మట్టి ఉంటే పిల్లికి ఆ అవస్థ ఉండేది కాదు.

కూకట్‌పల్లి

నాకు ఐదో నెల. స్కూప్ పట్టవద్దని డాక్టరు గారు చెప్పారు కాబట్టి యంత్రం కొందామనుకుంటున్నాము. యంత్రం ఉంటే నేనే చూసుకోవచ్చా?

రాజేంద్రనగర్, పశువైద్యురాలు

ముందు కూకట్‌పల్లి నుంచి అడిగిన చెల్లికి చెబుతాను, ఎందుకంటే ఇక్కడ యంత్రం మీద ఒక అపోహ ఉంది. మీ డాక్టరు గారు భయపడేది కడుపులోని బిడ్డకు హాని చేయగల టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవి గురించి. ఆ పరాన్నజీవి సోకిన పిల్లి మలంలో వచ్చే దాని గుడ్లు వెంటనే మనుషులకు సోకవు, సోకే దశకు రావడానికి 1 నుంచి 5 రోజులు పడుతుంది. అందువల్ల మామూలు పెట్టెను ప్రతిరోజూ శుభ్రం చేస్తే ముప్పు బాగా తగ్గుతుంది. యంత్రం చేసేదేమిటంటే, మలాన్ని పెట్టెలోంచి తీసి సొరుగులో వారం రోజులు దాచిపెడుతుంది. మీరు ఆ సొరుగు తెరిచే వేళకు అందులో ఉన్నది ఆ దశ దాటినదే. కనుక సొరుగు ఖాళీ చేసే పని ఇంట్లో వేరేవాళ్ళు చేతి తొడుగులతో చేయాలి, అదీ వారానికి ఒకసారి కాకుండా రోజూ చేస్తే మేలు. పిల్లి బయట తిరగకుండా, పచ్చి మాంసం తినకుండా పెరిగి ఉంటే దానివల్ల మీకు కలిగే ప్రమాదం చాలా తక్కువ. సరిగ్గా ఉడకని మాంసం, కడగని కూరగాయల విషయంలోనే మీరు ఎక్కువ జాగ్రత్తపడాలి. పిల్లిని ఎవరికైనా ఇచ్చేయమని ఎవరన్నా అంటే దయచేసి వినకండి.

ఇక అసలు చర్చ. మగ పిల్లుల మూత్రనాళం చాలా సన్నగా ఉంటుంది. అది పూర్తిగా మూసుకుపోతే మూత్రం వెనక్కి తన్ని, రక్తంలో పొటాషియం పెరిగి, ఒకటి రెండు రోజుల్లోనే గుండె ఆగిపోవచ్చు. ఆ స్థితిలో ఉన్న పిల్లి పదేపదే పెట్టెలోకి వెళుతుంది, ముక్కుతుంది, ఏమీ రాకుండా బయటికి వస్తుంది. ఇప్పుడు యంత్రం దృష్టితో చూడండి. 14 సార్లు వెళ్ళిందని అది సరిగ్గానే లెక్కపెట్టింది. ఆ 14 సార్లలో ఎంత మూత్రం వచ్చిందో దానికి తెలియదు. ఆరోగ్యంగా ఉన్న పిల్లి రోజుకు రెండు నుంచి నాలుగు సార్లు మూత్రం పోస్తుంది. అన్నిసార్లు వెళ్ళినా గడ్డ ఒక్కటీ లేకపోతే అది అత్యవసర పరిస్థితి. నల్లగండ్ల సోదరుడు చెప్పిన బరువు గీత విలువైనదే, నెలల తరబడి నెమ్మదిగా ముదిరే మధుమేహం, మూత్రపిండాల జబ్బు దానివల్ల ముందే బయటపడతాయి. గంటల్లో ప్రాణం తీసే జబ్బుకు మాత్రం గడ్డను చూసే కన్ను కావాలి. ఈ రెండు రకాల జబ్బులనూ ఒకే గాటన కట్టి వాదించుకోవడం వల్లే మీ మధ్య మాట కుదరడం లేదు.

కొండాపూర్ సోదరికి నొప్పి కలిగించే మాట ఒకటి చెప్పక తప్పదు. పాత పెట్టెలు రెండూ ఒకేసారి తీసేయడం వల్ల మీకు గడ్డ కనబడకుండా పోవడం ఒక నష్టమైతే, పిల్లికి కలిగిన ఒత్తిడి రెండోది. ఇంట్లో ఎన్ని పిల్లులుంటే అంతకంటే ఒక పెట్టె ఎక్కువ ఉండాలని మేము చెబుతాము. మీ ఇంట్లో మూడు ఉండవలసిన చోట ఒకటి మిగిలింది, దానికి తోడు పక్కన వాషింగ్ మెషీన్ మోత. ఒత్తిడికి మూత్రాశయం వాచే గుణం కొన్ని పిల్లులకు ఉంటుంది. బెల్లం విషయంలో అదే కారణమని పరీక్ష చేయకుండా నేను అనలేను, కానీ ఆ అవకాశాన్ని పక్కన పెట్టలేము.

పిల్లి కూనలు ఉన్నవారికి ఒక మాట. ప్రతి యంత్రానికీ అది గుర్తించగల కనీస బరువు పుస్తకంలో రాసి ఉంటుంది. అంతకంటే తేలికైన కూన ఇంట్లో ఉంటే యంత్రాన్ని తనంతట తిరగనివ్వకండి, మీరు ఎదురుగా ఉన్నప్పుడు మీరే మీట నొక్కి తిప్పండి. అడ్డు తగిలితే ఆగిపోయే ఏర్పాటు సరిగ్గా లేని చౌక యంత్రాల్లో పిల్లులు నలిగిపోయే ప్రమాదం ఉంది. కొనేముందు డ్రమ్ము తిరుగుతుండగా ఒక మెత్తటి బొమ్మను నోటి దగ్గర అడ్డం పెట్టి, అది ఆగి వెనక్కి తిరుగుతుందో లేదో చూడండి. ఆగకపోతే ఎంత తక్కువకు ఇచ్చినా వద్దు.

నల్లగండ్ల, రాత్రి షిఫ్టు

డాక్టరు గారు చెప్పిన తేడా నాకు తోచలేదు, ఒప్పుకుంటున్నాను. మాది ఆడ పిల్లి కావడం వల్ల కూడా నేను నాళం మూసుకుపోవడం గురించి ఆలోచించలేదేమో. అయినా మామూలు పెట్టె తప్పనిసరి అంటే మాత్రం నాకు సమ్మతం కాదు. మేము రోజూ శుభ్రం చేయలేమన్న నిజం అలాగే ఉంది, ఆ రెండో పెట్టె మళ్ళీ రెండు రోజుల మురికితో నిండితే పిల్లికి జరిగే మేలేమిటి? దాని బదులు సొరుగులో ఉన్న సంచిని రోజూ షిఫ్టు నుంచి రాగానే మార్చుతాను. ఒక్క రోజువే అయితే గడ్డలు చితికినా లెక్క తెలుస్తుంది.

కొండాపూర్, రెండు పిల్లులు

డాక్టరు గారూ, నొప్పి కలిగిన మాట నిజమే, అయినా చెప్పినందుకు కృతజ్ఞతలు. పెట్టెలు తీసేయడమే ఒత్తిడి అయి ఉండవచ్చన్న ఆలోచన నాకు రాలేదు. మూడో పెట్టెకు మా ఫ్లాట్‌లో చోటెక్కడ అని నిన్న రాత్రి చాలాసేపు చూశాము. చివరికి పడకగదిలో పుస్తకాల అరల కింద ఖాళీ చేసి, అటక మీదివి రెండూ దించాము, ఒకటి అక్కడ, ఒకటి హాలులో బాల్కనీ తలుపు పక్కన. పడకగదిలో వాసన వస్తుందని నేను ఆరేళ్ళుగా ఒప్పుకోని చోటు అది. యంత్రం వాషింగ్ మెషీన్‌కు దూరంగా రెండో మూలకు జరిగింది. యాప్‌లో మిరియం హెచ్చరికలు ఆపి, బెల్లంవి మాత్రం ఉంచాను, రోజుకు ఐదుసార్లు దాటితే ఫోను మోగుతుంది.

నల్లగండ్ల సోదరా, రోజూ సంచి మార్చే పద్ధతి మీకు సరిపోవచ్చు. మా ఇంట్లో రెండు పిల్లులవి కలిసిపోతాయి కాబట్టి నాకు సరిపోదు. ఈరోజు పొద్దున ఐదున్నరకు బెల్లం పడకగదిలోని పెట్టెలోకి వెళ్ళి తవ్వుతున్న చప్పుడుకు మెలకువ వచ్చింది. లైటు వేయకుండా అది కప్పెట్టి బయటికి వచ్చేదాకా ఆగి, స్కూప్ తీసుకుని చూశాను. నిమ్మకాయంత గడ్డ ఒకటి, దాని పక్కన ఇంకొంచెం చిన్నది ఒకటి ఉన్నాయి.