రెండు ఈఎల్ ప్యానెళ్లకు ఒకే ఇన్వర్టర్: వెలుతురు పడిపోతోంది

పలుచటి_వెలుగు:
ఏ5 సైజు ఈఎల్ (ఎలక్ట్రోల్యూమినిసెంట్, అంటే ఏసీ కరెంటు ఇస్తే వెలిగే పలుచటి పలక) ప్యానెల్ (సుమారు 310 చదరపు సెంటీమీటర్లు) 12 వోల్టుల డీసీని ఏసీగా మార్చే ఇన్వర్టర్ మీద బాగా వెలుగుతోంది. ఇన్వర్టర్ లేబుల్ మీద 100 వోల్టుల ఏసీ, 800 హెర్ట్జ్ అని ఉంది. అదే సైజు ఇంకోటి ప్యారలల్‌లో కలిపితే రెండూ మసకబారి, నీలం తగ్గి ఆకుపచ్చగా కనిపిస్తున్నాయి. ఇన్వర్టర్ పోయినట్టా? ఒక్కో ప్యానెల్‌నీ విడిగా ఆర్పేందుకు ఏసీ వైపు స్విచ్ పెట్టొచ్చా?

బేరియం_పొర:
ఇన్వర్టర్‌కేం కాలేదండీ. ఈఎల్ ప్యానెల్ అంటే వెలిగే కెపాసిటర్. ఈ చిన్న ఇన్వర్టర్లలో చాలావరకు ట్రాన్స్‌ఫార్మర్ సెకండరీ (అవుట్‌పుట్ వైండింగ్), ప్యానెల్ కెపాసిటెన్స్ కలిసి రెజొనేట్ అవుతాయి, అంటే రెండూ కలిసి ఒక ఫ్రీక్వెన్సీ దగ్గర ఊగుతాయి. అంటే ఫ్రీక్వెన్సీని సగం నిర్ణయించేది మీ ప్యానెలే. కెపాసిటెన్స్ రెట్టింపైతే ఫ్రీక్వెన్సీ దాదాపు 0.7 వంతుకు దిగుతుంది. మీ 800 కాస్తా 565 దగ్గరకు వస్తుంది, వోల్టేజీ కూడా పడుతుంది. మసక అందుకే. ఫ్రీక్వెన్సీ తగ్గితే నీలి-ఆకుపచ్చ ఫాస్ఫర్ (ప్యానెల్‌లో వెలిగే పొడి) ఆకుపచ్చ వైపు జరుగుతుంది, రంగు మార్పుకు కారణం అదే.

620 చదరపు సెంటీమీటర్లకు రేట్ చేసిన ఇన్వర్టర్ తీసుకోండి, లేదా ప్యానెల్‌కొకటి పెట్టండి. వాట్లు కాదు, ఎంత విస్తీర్ణానికో చూసి కొనాలి.

డీసీ_దారి:
12కి బదులు 15 వోల్టులు ఇస్తే సరిపోదా?

బేరియం_పొర:
వెలుతురు పెరుగుతుంది, ప్యానెల్ ఆయుష్షు తరుగుతుంది. వోల్టేజీ, ఫ్రీక్వెన్సీ ఏది పెంచినా ఫాస్ఫర్ త్వరగా నీరసిస్తుంది. పైగా తర్వాత ఎవరైనా ఒక ప్యానెల్ ఊడదీస్తే మిగిలినదాని మీద వోల్టేజీ ఎగబాకుతుంది. నేనైతే వద్దంటాను.

స్విచ్ డీసీ వైపే పెట్టండి. లోడ్ లేకుండా ఇన్వర్టర్ నడిస్తే అవుట్‌పుట్ వోల్టేజీ పైకి లేచి ట్రాన్సిస్టరో, వైండింగ్ ఇన్సులేషనో పోతుంది. రెండు ప్యానెళ్ల ఇన్వర్టర్‌లో ఒకదాన్ని మాత్రమే ఆర్పాలంటే టూ-వే స్విచ్‌తో దాని స్థానంలోకి డమ్మీ కెపాసిటర్ వచ్చేలా చూడండి. విలువ ఊహించకండి: ప్యానెల్ విప్పి, డిశ్చార్జ్ చేసి, మీటర్ కెపాసిటెన్స్ రేంజ్‌లో కొలవండి. చదరపు సెంటీమీటరుకు అర నానోఫారడ్ వస్తే ఏ5కి 155 నానోఫారడ్ల చుట్టూ ఉంటుంది. 250 వోల్టుల ఏసీకి రేట్ చేసిన ఫిల్మ్ కెపాసిటర్ వాడాలి, ఎలక్ట్రోలిటిక్ అసలు పనికిరాదు.

పలుచటి_వెలుగు:
రెండో ప్యానెల్ అంచు కత్తిరించాను. అక్కడ చిన్న నిప్పురవ్వలు వస్తున్నాయి.

అంచు_టేపు:
వెంటనే ఆపండి. కోత దగ్గర వెనక ఎలక్ట్రోడ్ పొడి ముందువైపు ఐటీఓ పొరను (కరెంటు పారే పారదర్శక పూత) తాకుతోంది. కొత్త బ్లేడుతో 1 మిల్లీమీటరు లోపలికి ఒకే గీతలో మళ్లీ కోయండి, బస్‌బార్‌ను (అంచు వెంట కరెంటు పంచే లోహపు పట్టీ) మాత్రం తాకొద్దు. మీటర్‌ను ఓమ్స్‌లో పెట్టి చూస్తే ఓపెన్ (రెండు పొరలూ కలవనట్టు) చూపాలి. తర్వాత అంచుకు రెండువైపులా దాటేలా లామినేట్ చేయండి. సీల్ లేకపోతే తేమ చేరి అంచు నుంచి లోపలికి నల్లబడుతుంది. 100 వోల్టులు కాబట్టి చేతికి తగిలితే జిల్లుమంటుంది కూడా.

ఇంకోటి: వైర్లు పొడుగు కావాలంటే 12 వోల్టుల వైపే పెంచుకోండి, ఏసీ వైపు పొట్టిగా ఉండనివ్వండి. మామూలు మల్టీమీటర్ ఏసీ రేంజ్ 50 హెర్ట్జ్ కోసం చేసింది, 800 దగ్గర అది చూపే అంకెను నమ్మొద్దు. కీచుమనే మోత వస్తే ప్యానెల్ వెనక ఫోమ్ టేపు వేయండి, చాలావరకు తగ్గుతుంది.