ఎవరబ్బ సొమ్మా, ఎవడబ్బ సొమ్మా?

నేలకొండపల్లి మనవడు
అందరికీ నమస్కారం. వారం రోజుల్నుంచి ఒక చరణం బుర్రలో తిరుగుతోంది. భద్రాచలం గుడికి సొమ్ము పెట్టి ఖైదులో పడ్డ రామదాసు కీర్తన ఇక్ష్వాకు కులతిలకలో "కులుకుచు తిరిగెద వెవరబ్బ సొమ్మని రామచంద్రా" అని ఉంది కదా, అక్కడ ర నా డ నా? పుస్తకాల్లో ఎక్కడ చూసినా ర నే. మా నాయనమ్మ మాత్రం ఎప్పుడూ "ఎవడబ్బ" అనే పాడేది, చాటలో బియ్యం ఏరుతూ పాడుతూ సరిగ్గా ఆ డ దగ్గర చెయ్యి ఆపేది, నాకు కళ్ళకు కట్టినట్టు గుర్తు. మొన్న టీవీలో 2006 శ్రీరామదాసు మళ్ళీ చూశాను. నాగార్జున బాగా చేశాడు, కాదనను, నాకూ కళ్ళు తడిశాయి. కానీ ఆ సినిమా రామదాసు కుమిలిపోయే మనిషి, మా నాయనమ్మ గొంతులో రామదాసు నిలదీసే మనిషి. అసలు కంచెర్ల గోపన్న, అదే రామదాసు, ఏ మనిషి అన్నది ఆ ఒక్క అక్షరంలో తేలుతుందేమో అని అడుగుతున్నా.

కందపద్యం
ర నే అండీ. బ్బ ముందున్నది ర అయినా డ అయినా ఛందస్సులో గురువే కాబట్టి తాళం పట్టుకుని తేల్చలేం, అర్థం పట్టుకునే తేల్చాలి. వెంటనే వచ్చే చరణం చూడండి, "నీ తండ్రి దశరథ మహారాజు పెట్టెనా, లేక నీ మామ జనక మహారాజు పంపెనా". మహారాజు మహారాజు అని ఇద్దరికీ మర్యాద ఇచ్చిన నోరు అంతకు ముందు లైన్లోనే "ఎవడు" అంటుందా?

పాత అటక
ఆ మర్యాదలోనే కదండీ దెబ్బంతా. ఎవడబ్బ సొమ్ము అని అనేసి, మీ నాన్నగారు పెట్టారా మీ మామగారు పంపారా అని అడగడం మన ఇళ్ళల్లో రోజూ వినేదే. పైగా ఆయనే తర్వాత ఒప్పుకున్నాడు, "అబ్బ తిట్టితినని ఆయాసపడవద్దు రామచంద్రా, ఈ దెబ్బల కోర్వక అబ్బ తిట్టితినయ్య" అని. అబ్బ తిట్టు అంటే అబ్బను ఎత్తి తిట్టిన తిట్టు. ఉత్త "ఎవరబ్బ" కి ఇంత క్షమాపణ ఎందుకు? నా ఓటు డ కే.

తంబుర
అటకగారూ, అక్కడ అబ్బ అంటే నాన్న కాదని నేను చిన్నప్పట్నుంచి అనుకుంటున్నా. కొరడా దెబ్బ పడితే వచ్చే "అబ్బా" అది. మా గురువుగారు ఆ చరణంలో అబ్బ తర్వాత కొంచెం ఆగి తిట్టితి అందుకునేవారు.

పాత అటక
పాడేటప్పుడు ఆగొచ్చమ్మా, కానీ రెండోసారి "అబ్బ తిట్టితినయ్య" అన్నప్పుడు నొప్పి అబ్బా కుదరదు. దెబ్బకి ప్రాసగా అబ్బ పెట్టాడు, ఒకే మాటలో నాన్నా నొప్పీ రెండూ వినిపించాయంటే అది ఆయన గొప్పదనం, అంతవరకు మీ మాట ఒప్పుకుంటా.

ఖిలా కింది పోరడు
అన్నలూ, మీరు ర డ లు పట్టుకుని కూసున్నరు గానీ ఆ చరణం మొదటి సగం ఎవరూ చూస్తలేరు. "కలికి తురాయి నీకు మెలుకువగ చేయిస్తి". కలికి అని విడగొట్టి అందమైన తురాయి అని అర్థం చెప్తరు చానామంది. తప్పు. ఉర్దూల కల్గీ అంటే తలపాగ మీద కుచ్చు, కోడి జుట్టుకు కూడా అదే మాట. తుర్రా కూడా పాగా మీద పెట్టేదే. మరాఠీ వాళ్ళు ఇప్పటికీ కల్గీతురా అంటరు. రెండూ కలిసి ఒక్క మాట, దర్బారు మాట. గోల్కొండ కొలువుల తాసీల్దారు పని చేసిన మనిషి నోట్ల నుంచి రావాల్సిన మాటే అది. దాన్ని మన కలికి చేసి గోపన్న కొలువు గుర్తంతా చెరిపేస్తున్నం.

కందపద్యం
కల్గీ నుంచి వచ్చిందంటే సరే, కానీ కలికి ఎందుకయిందో చూడాలి కదా తమ్ముడూ. కలికి, మెలుకువ, కులుకుచు. లకారం వెంట కకారం మూడు చోట్లా నడిచింది. కల్గీ అని ఉంచితే ఆ నడక పోతుంది. అంటే దర్బారు మాటని తెలుగు చెవికి తగ్గట్టు సాగదీసిన కవి ఉన్నాడక్కడ. సినిమాలో మనకి భక్తుడు కనిపిస్తాడు, తాసీల్దారు కనిపిస్తాడు, కవి కనిపించడు. దాశరథీ శతకం చివర ఆయన తనని తాను ఏమన్నాడు? "అల్లన లింగమంత్రి సుతుడ నత్రిజగోత్రజుడ" అని మొదలెట్టి "గోపకవీంద్రుడన్" అన్నాడు. కవీంద్రుణ్ణి అని దర్జాగా చెప్పుకున్న మనిషి ఆయన.

చింతాకు
మెలుకువగ అంటే మెలకువతో, జాగ్రత్తగా, పనితనంతో అనే కదా? మా అమ్మాయి నిద్ర మెలకువ అనుకుంది, అందుకని అడుగుతున్నా. ఇంకోటి, తురాయి అనగానే నాకు ఎండాకాలంలో ఎర్రగా పూసే తురాయి చెట్టే గుర్తొస్తుంది, ఆ పూరేకులు చూస్తే పాగా కుచ్చులాగే ఉంటాయి.

పాత అటక
పనితనమే తల్లీ. మెలకువలు నేర్చుకున్నాడు అంటామే, అదే.

ఖిలా కింది పోరడు
ఇంకో సంగతి, దీన్ని ఎవరైనా కాదంటే చెప్పండి. కీర్తన మొత్తం లెక్క లెక్కే. ప్రాకారానికి పట్టె పదివేల వరహాలు. భరతుని పచ్చల పతకానికి పదివేలు. శత్రుఘ్నుని మొలతాటికి పదివేల మొహరీలు. లక్ష్మణుని ముత్యాల పతకానికి, సీతమ్మ చింతాకు పతకానికి కూడా పదివేలే. ఐదు పద్దులు. ఆరో పద్దు రాముని కలికితురాయి. దానికి ధర చెప్పలే! ధర రావాల్సిన జాగాల "ఎవరబ్బ సొమ్మని" వచ్చింది. లెక్క రాసే చెయ్యి అక్కడ ఆగిపోయి కోపం అందుకుంది. అసలు మనిషి నాకు అక్కడ దొరికిండు. అన్నిటికీ ఒకే తీరు ఏడుపు పాట పెడితే ఆ మలుపు ఎట్ల దొరుకుతది?

తంబుర
ఇన్నేళ్ళు పాడి కూడా గమనించలేదు. ఒళ్ళు జలదరించింది.

కందపద్యం
మంచి పట్టు పట్టావు తమ్ముడూ. అయితే పద్దులన్నీ కూడినా అరలక్షే, కథలో రాముడు లక్ష్మణుడు రామోజీ లక్ష్మోజీలుగా వచ్చి గోల్కొండ నవాబు తానీషాకి కట్టింది ఆరు లక్షలు. జైలు పన్నెండేళ్ళు అన్నదీ నాకు కుదరట్లేదు. ఆ తానీషా, అంటే అబుల్ హసన్, గద్దెనెక్కింది 1672లో, ఆయన మంత్రి మాదన్నని చంపింది 1686లో. ఆ మధ్యలో ఉన్నవే పద్నాలుగేళ్ళు, అందులో పన్నెండు జైల్లో పోతే తాసీలు చేసి గుడి కట్టించి పట్టుబడ్డానికి మిగిలేది రెండేళ్ళు. గోపన్న మేనమామలు అక్కన్న మాదన్నలే దర్బారులో ఉండగా అన్నేళ్ళు ఎలా ఉంచారు? సినిమాలు ఈ ప్రశ్న దగ్గర ఆగవు.

పాత అటక
అబుల్ హసన్ కంటే ముందే తాసీలు మొదలై ఉండకూడదా? ఆ లెక్క ఇక్కడ వద్దులెండి. సినిమా అంటే నాకు 1964 నాగయ్యగారి రామదాసే. సొంతంగా తీసి, దర్శకత్వం చేసి, వేషం కట్టి, ఉన్నదంతా అందులో పెట్టి నష్టపోయారు. గుడికి పెట్టి గోపన్న ఖైదులో పడ్డాడు, గోపన్న కథకి పెట్టి నాగయ్యగారు చితికిపోయారు. ఆ వేషంలో ఆయన గొంతు వణికితే అది నటన అని నేను అనుకోలేను. ఆ రామదాసు గట్టిగా తిట్టలేడు, అది నాగయ్యగారి స్వభావం.

తంబుర
త్యాగయ్యగారు ఏమన్నారో చూడండి మరి. క్షీరసాగర శయనలో "ధీరుడౌ రామదాసుని బంధము దీర్చినది విన్నానురా". దీనుడౌ అనలేదు, ధీరుడౌ అన్నారు. దేవగాంధారి రాగంలో ఆ ధీరుడౌ దగ్గర గొంతు పైకి ఎత్తి పాడుతుంటే ఇద్దరు వాగ్గేయకారులు ఎదురెదురుగా కూర్చున్నట్టుంటుంది నాకు. మనవడుగారి నాయనమ్మ విన్న రామదాసు త్యాగయ్య విన్న రామదాసే.

కందపద్యం
అబ్బ, ఎంత మంచి మాట చెప్పారమ్మా. త్యాగయ్య కూడా తక్కువ నిలదీశాడా రాముణ్ణి, ఆ చనువు ఈయన దగ్గర నేర్చుకున్నదే అని నా నమ్మకం. దీని మీద విడిగా ఒక పోస్టు రాస్తా.

ఖిలా కింది పోరడు
గోల్కొండల రామదాసు బందీఖాన కాడికి పోయినప్పుడల్లా నేను కాసేపు నిలబడ్త. గోడల దేవుళ్ళ బొమ్మలు చెక్కి ఉంటయి, పైనుంచి కొంచెమే వెలుతురు పడ్తది. అంత చీకట్ల బొమ్మ చెక్కిన చెయ్యి దీనుడి చెయ్యి కాదు. ఆ తానీషా కూడా 1687ల ఔరంగజేబుకు చిక్కి దౌలతాబాదు కోటల ఖైదీగానే పోయిండు.

నేలకొండపల్లి మనవడు
అందరికీ చాలా చాలా థాంక్సండీ. ధర లేని ఆ ఆరో పద్దు సంగతి పొద్దున అమ్మకి ఫోన్ చేసి చెప్పాను. అమ్మ చరణం మొత్తం పాడింది, కలికితురాయిని ఒకే మాటగా, మధ్యలో ఆగకుండా. తీరా అసలు చోటుకొచ్చేసరికి "ఎవరబ్బ" అంది. నాయనమ్మ ఎవడబ్బ అనేది కదమ్మా అంటే, "మీ నాయనమ్మ అలాగే అనేది, మీ తాతయ్య ఇంట్లో ఉంటే మాత్రం ఎవరబ్బ అనేది" అంది.

పాత అటక
తాతయ్యగారు లేనప్పుడు పాడిందే అసలు పాఠం అంటాను నేను.

కందపద్యం
ర నే అండీ.