దిగే వేళ పైలట్ల ఫోన్లకు తాళం వేస్తే సరిపోతుందా?

విహంగం: కాక్‌పిట్‌లోకి అడుగు పెట్టగానే పైలట్ల ఫోన్లు పెట్టెలో పెట్టి తాళం వేయాలన్నది నా వాదన. 2010లో డార్విన్ నుంచి సింగపూర్ వెళ్లిన జెట్‌స్టార్ ఎయిర్‌బస్ ఏ321 విమానం సంగతే చూడండి. విమానం దిగుతుండగా, రెండు వేల అడుగులకు కాస్త పైన, కెప్టెన్ ఫోనుకు వరసగా సందేశాలు వచ్చాయి. ఆయన దాన్ని ఆపే పనిలో పడ్డారు. చక్రాలు సమయానికి దించలేదు, దిగే ముందు సరిచూసుకోవాల్సిన చెక్‌లిస్టు పూర్తి కాలేదు. 392 అడుగుల దాకా వచ్చి, దిగడం మానుకుని మళ్లీ పైకి లేచారు.

పాతకాపు: ఫోను మీద నింద వేయడం తేలిక. 1972 డిసెంబరు 29 రాత్రి అమెరికాలోని మయామీ దగ్గర ఈస్టర్న్ 401 విమానంలో ముందు చక్రం దిగినట్లు చూపే దీపం వెలగలేదు. విమానాన్ని దానంతటదే నడిపే ఆటోపైలట్‌ను రెండు వేల అడుగుల ఎత్తులో ఉంచి, అందరూ ఆ దీపం చుట్టూ చేరారు. ఒకరు దాన్ని గూటిలోంచి ఊడబీకడానికి తంటాలు పడుతున్నారు. ఇంకొకరు చక్రాన్ని కళ్లారా చూడాలని కింది అరలోకి దిగారు. ఆటోపైలట్ విమానాన్ని ఆ ఎత్తులో పట్టి ఉంచడం మానేసిన సంగతి ఎవరికీ తెలియలేదు. హెచ్చరిక గంట మోగినా ఎవరూ పట్టించుకోలేదు. విమానం కూలి 101 మంది పోయారు. తీరా చూస్తే చక్రం దిగే ఉంది, మాడిపోయింది బల్బు! ఇందులో ఫోనెక్కడుంది?

విహంగం: అది పనిలో ఎదురైన చిక్కు, సరే. 1974లో అమెరికాలోనే షార్లట్ దగ్గర కూలిన విమానంలో పైలట్లు రాజకీయాలు, పాత కార్ల గురించి కబుర్లాడుకున్నారు కదా? డెబ్బై మందికి పైగా పోయారు. 10,000 అడుగుల లోపు పనికిరాని మాటలు వద్దని 1981లో అమెరికా నిబంధన పెట్టింది ఇలాంటివి చూసే.

నేలమీదివాడు: నిబంధన ఉండగానే 2009లో బఫెలో దగ్గర కోల్గన్ 3407 విమానం కూలింది. చివరి నిమిషాల దాకా కబుర్లు సాగుతూనే ఉన్నాయి. మీ తాళం మాత్రం నోటికి పడుతుందా?

పాతకాపు: నేననేదీ అదే. ధ్యాస మళ్లడాన్ని ఎవరూ పూర్తిగా ఆపలేరు. ఒకరు చిక్కు విప్పుతుంటే రెండోవారి కళ్లు పరికరాల మీదే ఉండాలి. సింగపూర్ ఘటనలో విమానం నడుపుతున్నది కో పైలట్. పక్కన కెప్టెన్ ఫోనుతో కుస్తీ పడుతున్నారని ఆయన చూశారు. దిగడం అక్కడే మానుకోవాల్సింది. 1978లో పోర్ట్‌లండ్ దగ్గర యునైటెడ్ 173 విమానం కెప్టెన్ చక్రాల గొడవలో మునిగి ఉంటే, ఇంధనం తరిగిపోతోందని తోటివారు మెత్తగా చెప్పి ఊరుకున్నారు. ఇంజన్లు ఆగిపోయాయి, పది మంది చనిపోయారు. పై అధికారి మీద గొంతు పెంచడం నేర్పాలి. దిగడం మానుకుని పైకి లేచినందుకు పైలట్లను సంజాయిషీ అడగకూడదు.

విహంగం: గొంతు పెంచడం నేర్పడానికి ఏళ్లు పడుతుంది. పెట్టె రేపే బిగించవచ్చు. రెండూ చేయమనండి, పెట్టె మాట మాత్రం నేను వదలను.