ఫలఘృతం గర్భస్రావాన్ని ఆపుతుందా? పరీక్షించడం ఎలా?

ప్రశ్న (ప్రసూతితంత్ర పీజీ విద్యార్థిని):
నమస్కారం. వరుసగా గర్భస్రావాలైన స్త్రీలకు ఫలఘృతం (మూలికలతో కాచిన ఆయుర్వేద నెయ్యి) ఇచ్చి, ఎందరికి గర్భం నిలిచిందో చూడాలని నా థీసిస్‌కు అనుకుంటున్నాను. అష్టాంగహృదయంలో చెప్పిన ఈ నెయ్యిని మా ఆసుపత్రిలో ఏళ్లుగా ఇస్తున్నారు. అయితే 30 మందికి మందిచ్చి, 20 మంది ప్రసవించారని రాస్తే అది రుజువవుతుందా అన్న సందేహం నన్ను వదలడం లేదు. పోలిక కోసం మరో బృందం పెడదామంటే, ఇప్పటికే భయపడుతున్న తల్లికి మందివ్వకపోవడం న్యాయమా అని మా గురువుగారు అడుగుతున్నారు. పెద్దలు దారి చూపగలరు.

జవాబు 1 (ప్రసూతి వైద్యురాలు):
మీ సందేహం సరైనదేనమ్మా. కారణం తెలియకుండా మూడుసార్లు గర్భం పోయినవారిలో సైతం, ఏ మందూ లేకుండానే తర్వాతి గర్భం నిలిచేవారే ఎక్కువ. ఇలాంటి స్త్రీలపైనే జరిగి, 2015లో ఫలితాలు వెలువడిన ప్రామిస్ అనే పరీక్షలో ప్రొజెస్టిరాన్ హార్మోను తీసుకున్నవారిలో 65.8 శాతం మందికి, ప్లాసిబో (మందులా కనిపించే, మందు లేని పదార్థం) తీసుకున్నవారిలో 63.3 శాతం మందికి బిడ్డలు పుట్టారు. కాబట్టి మీ 30 మందిలో 20 మంది ప్రసవించినా, ఆ ఫలితం నెయ్యి వల్లే వచ్చిందని చెప్పలేము. 65 శాతాన్ని 75కు పెంచే శక్తి మందుకు నిజంగా ఉన్నా, దాన్ని నమ్మకంగా పట్టుకోవడానికి రెండు బృందాల్లో కలిపి దాదాపు 650 మంది కావాలి. ఒక్క కళాశాల వల్ల అయ్యే పని కాదు.

ఇక న్యాయం మాట. గర్భస్రావాన్ని ఆపుతుందన్న నమ్మకంతో 1940ల నుంచి అమెరికాలో డైఇథైల్‌స్టిల్‌బెస్ట్రాల్ అనే హార్మోనును లక్షలమంది గర్భిణులకు ఇచ్చారు. అది పనిచేయదని షికాగోలో జరిగిన పరీక్ష 1953లోనే చూపినా వాడకం ఆగలేదు; ఆ తల్లుల కూతుళ్లలో అరుదైన యోని క్యాన్సర్ వస్తోందని 1971లో బయటపడింది. తేల్చుకోకుండా ఇవ్వడమే అన్యాయమని నేను నమ్ముతాను. పోలిక బృందంవారికీ మామూలు వైద్యమంతా అందాలి. యాంటీఫాస్ఫోలిపిడ్ సిండ్రోమ్ (రక్తం గడ్డకట్టి గర్భం పోయే జబ్బు) ఉన్నవారికి, గడ్డకట్టకుండా ఇచ్చే ఆస్పిరిన్, హెపారిన్ ఆపకూడదు.

జవాబు 2 (ఆయుర్వేద వైద్యుడు):
డాక్టరుగారితో ఏకీభవిస్తున్నాను. అయితే స్త్రీలను చేర్చుకోవడానికి ముందే ద్రవ్యాన్ని పరీక్షించాలి. ఫలఘృతంలో శతావరి, అశ్వగంధ, మంజిష్ఠలతో పాటు వస కూడా ఉంటుంది. వసలోని బీటా అసరోన్ అనే రసాయనం ఎలుకల్లో క్యాన్సర్ కలిగించడంతో, అమెరికాలో ఆహారంలో వస వాడకాన్ని 1968లో నిషేధించారు. అందుచేత మీ నెయ్యిలో అది ఎంత దిగుతోందో ప్రయోగశాలలో కొలిపించండి. సీసం, పాదరసం కూడా చూడాలి. 2011-12లో న్యూయార్క్‌లో, భారతదేశపు ఆయుర్వేద మందులు వాడిన ఆరుగురు గర్భిణుల రక్తంలో సీసం ఎక్కువగా బయటపడింది. నాగభస్మం (సీసపు భస్మం) కలిసే గర్భపాల రసం అనే ఆయుర్వేద మందును ఈ పరీక్షలోకి అసలు రానివ్వకండి. మరొక చిక్కు, పోలికకు మామూలు నెయ్యి ఇస్తే వాసనతోనే తెలిసిపోతుంది. పైగా నెయ్యి కూడా మనకు ఔషధమే కదా. ఈ ఫలఘృతాన్ని గర్భం దాల్చకముందు నుంచే ఇస్తాం కనుక, నమోదు కూడా అప్పుడే జరగాలి.

జవాబు 3 (గర్భస్రావాలు అనుభవించిన గృహిణి):
ఇలాంటి పరీక్షకు నేను సంతోషంగా ఒప్పుకుంటాను, కానీ నాకు మందు రావచ్చు, రాకపోవచ్చు అని ముందే తెలుగులో విడమరచి చెప్పాలి. తొలి నెలల్లో పోయే గర్భాల్లో దాదాపు సగం క్రోమోజోముల లోపం వల్లేనని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. అంతవరకూ నన్నే నిందించారు. గర్భం పోయినప్పుడు క్రోమోజోముల పరీక్ష కూడా చేయించి, కారణాన్ని ఆ తల్లికి, ఆమె అత్తగారికి చెప్పండి.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ కృతజ్ఞతలు. థీసిస్‌ను మందు నాణ్యతకు, వస మోతాదుకు పరిమితం చేసి, పెద్ద పరీక్షను పలు కళాశాలలు కలిసి చేపట్టాలని మా గురువుగారిని కోరతాను.