ఈ నెల వచ్చిన కొత్త ఫోను: మన ఎండలో వాడుతున్నవారు చెప్పండి

పటమట మాస్టారు, విజయవాడ

ఈ నెల మొదట్లో 32 వేల ధరకు విడుదలైన ఫోను గురించి అడుగుతున్నాను. చర్చ ప్రచారంగా మారకూడదని పేరు రాయడం లేదు. వెనుక మూడు కెమెరాలు, 7000 ఎంఏహెచ్ బ్యాటరీ అంటే ఇక్కడివారికి తెలిసిపోతుంది.

నా పాత ఫోనుకు ఐదేళ్లు. మధ్యాహ్నం పన్నెండు దాటేసరికి బ్యాటరీ ఖాళీ అవుతోంది. పెట్టె విప్పి చూపించే వీడియోలు పది దాకా చూశాను. అన్నీ చల్లటి గదుల్లో, దీపాల వెలుగులో తీసినవే. నాకు కావలసింది ఏప్రిల్ నెలలో మన ఊళ్లో ఫోనును జేబులో పెట్టుకుని తిరిగినవారి మాట. నేను ఉదయం ప్రకాశం బ్యారేజీ మీద నడుస్తాను. ఏడున్నరకే ఎండ ముఖాన కొడుతుంది, అప్పుడు తెర కనబడుతుందా? ముప్ఫై ఒక్క సంవత్సరాలు తెలుగు చెప్పినవాణ్ని, ఫోనంతా తెలుగులోనే పెట్టుకుంటాను. ఒత్తులు సరిగా వస్తున్నాయా? కెమెరా సంగతి చివరగా చెప్పినా చాలు. మనవరాలి ఫోటోలు బాగా వస్తే అంతకంటే ఏమీ అడగను.

ఆటోనగర్ లేత్ పని

మాస్టారూ, కొని తొమ్మిది రోజులైంది. ఒక్క విషయమే చెబుతాను. దీని వేలిముద్ర పరికరం తెర కింద ఉంది, వెలుతురుతో చదివే రకం. ఇనుము పట్టి పట్టి నా బొటనవేలి గీతలు అరిగిపోయాయి, పైగా గ్రీజు. పదిసార్లు పెడితే నాలుగుసార్లు తెరుచుకుంటుంది. ఎడమచేతి ఉంగరపు వేలు నమోదు చేసుకున్నాక ఇబ్బంది తగ్గింది, ఆ వేలికి పని తక్కువ కదా. ధ్వని తరంగాలతో చదివే రకం ఫోను మా అన్నయ్యకు ఉంది. తడి చేత్తో ముట్టుకున్నా అది తెరుచుకుంటుంది. మీరు ఇన్నేళ్లు సుద్దముక్క పట్టినవారు, వయసుతో కూడా గీతలు పలచబడతాయి. కొనే ముందు షాపులోనే మీ వేలు పెట్టి చూడండి.

యార్డు గుమస్తా, గుంటూరు

నమస్కారం మాస్టారూ. ఫోను నా చేతికి వచ్చి పన్నెండు రోజులు. నేను మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్టులో గుమస్తాను. వచ్చిన లాట్లకు ఫోటోలు తీసి బయటి రాష్ట్రాల పార్టీలకు పంపడం నా పనిలో సగం. మీరు చివరకు నెట్టిన కెమెరా సంగతే నేను ముందు చెప్పాలి.

మూడో రోజు తేజ రకం అరవై టిక్కీలు (మిర్చి బస్తాలు) వచ్చాయి. ఆఖరి కోత కాయ, అక్కడక్కడా తాలు ఉంది. రంగు పోయి తెల్లబడిన కాయను మేము తాలు అంటాం. దాని ధర వేరు. ఒక టిక్కీ మూతి విప్పి రెండు దోసిళ్ల కాయ పట్టా మీద పోసి, కొత్త ఫోనుతో ఫోటో తీసి కోల్‌కతా పార్టీకి పంపాను. ఐదు నిమిషాల్లో ఫోను వచ్చింది. ఈ లాటు వదలవద్దు, క్వింటాలుకు నిన్నటి మీద ఐదు వందలు ఎక్కువైనా పరవాలేదు అన్నారు. ఫోను చెవి దగ్గర ఉండగానే పట్టా మీది కాయ వైపు చూశాను. ఆయన చెబుతున్న కాయ అది కాదు.

ఫోటో తెరిచి వేళ్లతో పెద్దది చేసి చూస్తే గుండె జారింది. తాలు కాయలన్నింటికీ నారింజ ఛాయ ఎక్కింది. ఎండుగడ్డి రంగులో ఉండవలసిన తొడిమలు, ఆ ఉదయమే కోసినట్టు పచ్చబడ్డాయి. కాయ మీద సన్నటి ముడతలు చెరిగిపోయి, నున్నగా బొమ్మ కాయల్లా ఉన్నాయి. కొన్నిచోట్ల పక్కపక్క కాయలు కలిసిపోయి ఎర్రటి ముద్ద అయ్యాయి. మా పనిలో కాయ రకాన్ని ముడతను బట్టే చెబుతాం. బ్యాడిగికి ముడత ఎక్కువ, తేజ సన్నగా ఉంటుంది. ముడత పోయాక ఆ ఫోటోలో చూడడానికి ఏముంది?

ఆయన తొమ్మిదేళ్లుగా మా ఫోటో చూసి, మాట విని డబ్బు పంపుతున్న మనిషి. ‘అయ్యా, ఆ ఫోటో నమ్మవద్దు, ఫోను రంగు పెంచింది’ అని అక్కడికక్కడే చెప్పి, పాత ఫోనుతో తీసి మళ్లీ పంపాను. ఐదు వందల మాట పోయింది, మామూలు ధరకు బేరం కుదిరింది. రైతు పక్కనే నిలబడి రెండు మాటలూ విన్నాడు. నన్ను ఏమీ అనలేదు. తువ్వాలు దులిపి భుజాన వేసుకుని కాటా వైపు వెళ్లిపోయాడు. ఆ ఫోటో నేను తీయకపోతే ఆయనకు ఆ ఐదు వందల మీద ఆశే పుట్టేది కాదు. ఇప్పటికీ అది నన్ను బాధిస్తోంది.

ఆ రాత్రి కూర్చుని కారణాలు వెతికాను. కెమెరా సెన్సారులో చుక్కలను నాలుగేసి చొప్పున తీసుకుంటే వాటిలో రెండు ఆకుపచ్చను చూస్తాయి, ఒకటి నీలాన్ని, ఒకటి ఎరుపును. మిగతా చోట్ల ఎరుపు ఎంత ఉందో పక్క చుక్కలను బట్టి ఫోను లెక్కకట్టి నింపుకుంటుంది. మొత్తం ఎర్రటి రాశిని చూపిస్తే సన్నటి గీతలు పట్టుకునే బలం అక్కడే తగ్గుతుంది. దాని మీద ఎండ పడితే ఎరుపు పరిమితి దాటి, ఛాయల్లో తేడా లేకుండా పోతుంది. వీటన్నింటి పైన ఈ ఫోను దృశ్యాన్ని గుర్తుపట్టే పద్ధతి ఒకటి పెట్టింది. కాయను చూడగానే తినే వస్తువు అనుకుని నోరూరేలా రంగు దిద్దుతుంది. హోటల్ పళ్లేనికి అది సరిపోతుందేమో. సరుకు చూపించే ఫోటోకు అది అన్యాయం.

ఇప్పుడు నేను చేస్తున్నది ఇది. దృశ్య గుర్తింపును సెట్టింగుల్లో ఆపేశాను. అన్నీ మన చేత్తో పెట్టుకునే ప్రో మోడ్‌లో తెలుపు సమతుల్యం (వైట్ బ్యాలెన్స్), అంటే తెలుపు తెల్లగానే కనిపించేలా చేసే కొలత, నేనే పెడతాను. యార్డు షెడ్డు నీడలో 6000 కెల్విన్ దగ్గర తెల్ల కాగితం తెల్లగా కనిపించింది, ఎండలో 5500 చాలు. వెలుతురు ఒక మెట్టు తగ్గిస్తాను. కాయ పక్కన తెల్ల కాగితం పరిచి, దాని మీద రెండు మంచి కాయలు, ఒక తాలు కాయ విడిగా పెడతాను. కాగితం తెల్లగా ఉంటే అవతలివారు రంగు నమ్మవచ్చు. తెర రంగులను కూడా ‘సహజం’కి మార్చాను. లేకపోతే ఫోటో సరిగానే వచ్చినా నా కంటికే ఎక్కువ ఎరుపు కనిపిస్తుంది. పంపేటప్పుడు ఫోటోగా కాకుండా డాక్యుమెంటుగా పంపుతున్నాను, మధ్యలో నలగకుండా. ఇంత శ్రమ పడ్డాక మాత్రం పాత ఫోను కంటే బాగా వస్తోంది, ఆ మాట చెప్పకపోతే తప్పు. తాలు తాలుగానే కనిపిస్తోంది.

మిగతావి క్లుప్తంగా చెబుతాను. బ్యాటరీ నిజంగా మంచిది. ఉదయం ఆరింటికి నిండుగా తీస్తే, రోజుకు రెండు వందల ఫోటోలు, ఎడతెగని ఫోన్లు అయ్యాక రాత్రి పదింటికి ముప్ఫై శాతం ఉంటోంది. లోపల గ్రాఫైట్‌కు తోడు సిలికాన్ కలిపిన రకం ఇది. సిలికాన్ అంతే బరువులో చాలా ఎక్కువ లిథియం పట్టుకుంటుంది, అందుకే లావు పెరగకుండా ఇంత శక్తి ఇమిడింది. అయితే చార్జింగ్ చూసి చేయాలి. ఇంట్లో యాభై నిమిషాల్లో నిండేది, మధ్యాహ్నం రేకుల షెడ్డు కింద పెడితే గంటన్నర పట్టింది. వేడెక్కితే ఫోనే వేగం తగ్గించుకుంటుంది, అది మంచిదే. తెర ఎండలో చక్కగా కనబడుతుంది కానీ, పావుగంట ఎండలో పట్టుకుంటే దానంతట అదే మసకబారుతుంది. మీ ఉదయపు నడకకు ఆ ఇబ్బంది రాదు.

దుమ్ము లోపలికి పోదని ఐపీ 68 అని రాశారు. అందులో 6 దుమ్ముకు, 8 నీటికి. లోపలికి పోలేదు, నిజమే. స్పీకరు జాలీ మీద మాత్రం కారం ధూళి పేరుకుని నాలుగో రోజుకే మాట మూగబోయింది. మెత్తటి బ్రష్‌తో దులిపితే మళ్లీ వచ్చింది.

తెలుగు గురించి నాకంటే మీకే ఎక్కువ తెలుస్తుంది. ఒకటి నేను గమనించాను. పైనుంచి జారే నోటిఫికేషన్లలో ‘రాష్ట్ర’ అని వస్తే అడుగున ఉన్న ఒత్తులు సగానికి తెగిపోతున్నాయి.

పటమట మాస్టారు

గుమస్తా గారూ, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఆ రైతు తువ్వాలు దులుపుకోవడం నా కళ్ల ముందు ఉంది. మీరు నిజం చెప్పినందుకు ఆయన మిమ్మల్ని తప్పుపట్టి ఉండడు.

ఈ రోజు సాయంత్రం వంటింట్లోంచి నాలుగు ఎండుమిరపకాయలు కాగితంలో చుట్టుకుని బీసెంట్ రోడ్డుకు వెళ్లాను. షాపులో అబ్బాయి ఓపికగా చూపించాడు. తెల్ల కాగితం మీద కాయలు పెట్టి తీశాం. మీరు చెప్పింది అక్షరాలా నిజం, తొడిమ పచ్చబడింది! దృశ్య గుర్తింపు ఆపి తీస్తే మళ్లీ గడ్డి రంగుకు వచ్చింది. ఆ అబ్బాయికి కూడా ఈ సంగతి కొత్త. మనవరాలి చామనఛాయను కూడా ఇలాగే దిద్దుతుందా అని నా ముఖం తీయించుకున్నాను. నా బుగ్గ మీద యాభై ఏళ్లుగా ఉన్న మచ్చ కనిపించలేదు. ముఖాన్ని నున్నగా చేసే మీట వేరే ఉంది, అది కూడా ఆపాలి.

ఒత్తుల సంగతి. అక్షరాల పరిమాణం ఒక మెట్టు తగ్గిస్తే నోటిఫికేషన్లో ‘రాష్ట్ర’ పూర్తిగా వచ్చింది. కానీ ఆ పరిమాణంలో నా కళ్లకు కష్టం. ఇది అక్షరం తప్పు కాదు, వరుసకు ఇచ్చిన ఎత్తు ఇంగ్లీషుకు కొలిచి ఇచ్చింది. తెలుగు కిందికి కూడా పెరిగే లిపి. కంప్యూటర్లలో అన్ని భాషల అక్షరాలకూ సంఖ్యలిచ్చే ప్రమాణం యూనికోడ్. 1991లో వచ్చిన మొదటి యూనికోడ్‌లోనే తెలుగు ఉంది. ఇన్నేళ్ల తరువాత కూడా ఒత్తుకు అరంగుళం చోటు అడుక్కోవలసి రావడం నాకు కష్టంగా ఉంది. 2018లో ‘జ్ఞా’ అన్న ఒక్క అక్షరం వస్తే ఐఫోన్లలో యాప్‌లు ఆగిపోయాయి, గుర్తుందా? వెంటనే సరిచేశారు, ప్రపంచమంతా మాట్లాడింది కాబట్టి. తెగిన ఒత్తు గురించి మనమే చెప్పాలి. ఫోనులోనే ఫిర్యాదు పంపే చోటు ఉందట. తెర ఫోటో పెట్టి నేను తెలుగులోనే రాస్తాను.

వేలిముద్ర మూడుసార్లలో రెండుసార్లు పట్టింది. ఒక ప్రశ్న మిగిలింది. ఇంకో వారం ఆగితే దిద్దుబాటు ఏమైనా వస్తుందా?

యార్డు గుమస్తా, గుంటూరు

మాస్టారూ, నిన్న రాత్రి ఒక దిద్దుబాటు వచ్చింది. ఉదయం రాగానే పాత లాటు కాయతోనే మళ్లీ తీసి చూశాను. తొడిమ రంగు కొంచెం నయం, ముడతలు అలాగే చెరుగుతున్నాయి. నోటిఫికేషన్లో ‘రాష్ట్ర’ ఇంకా తెగుతూనే ఉంది. మీ ఫిర్యాదు ఎలా రాశారో ఇక్కడ పెట్టండి, నేను కూడా అదే పంపుతాను. కొట్టులో ఇంకో ఇద్దరికి ఇదే ఫోను ఉంది, వారితో కూడా పంపిస్తాను.