కౌన్సెలింగ్‌లో పిల్లలు చెప్పినవి తల్లిదండ్రులకు చెప్పరా?

మా అమ్మాయికి 14 ఏళ్లు. యూనిఫాం వేసుకుని, ఒక బూటు తొడుక్కుని, రెండోది చేతిలో పట్టుకుని అలాగే కూర్చుండిపోతోంది. కడుపునొప్పి అంటుంది, పరీక్షలన్నీ నార్మల్. యాంగ్జైటీ కావచ్చని, ముందు సైకాలజిస్టు దగ్గర సీబీటీ (ఆలోచనలు, ప్రవర్తన మార్చుకోవడం నేర్పే మాటల చికిత్స) మొదలుపెట్టి, చాలకపోతే సైకియాట్రిస్టుతో మందుల సంగతి మాట్లాడదామని డాక్టర్ గారన్నారు.

నా సందేహమల్లా ఒక్కటే. సైకాలజిస్టు పిల్లతో విడిగా మాట్లాడతారట, ప్రాణానికి ముప్పులాంటిది ఉంటే తప్ప అది చెప్పుకున్నవి మాకు చెప్పరట. మావారికి ఇది మింగుడు పడటం లేదు. నాకైతే అదే సబబనిపిస్తోంది, మా ముందు అది నోరు విప్పదు మరి. పిల్లల్ని ఇలా పంపినవాళ్లుంటే చెప్పండి: ఇంట్లో మేం ఏం చేయాలో అయినా చెబుతారా? ఈలోగా బడికి నచ్చజెప్పి పంపాలా, కొన్నాళ్లు మాన్పించాలా?